మాడు గిన్నెలో వచ్చిన ఫోను

జ్ఞానసుందరి పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, పేర్లు చెప్పుకునేది. పోయిన భర్త జ్ఞానానందం, కొడుకు జేమ్స్, కోడలు గ్లోరీ, పక్కింటి గురమ్మ, తన ముగ్గురు అక్కలు, చర్చిలో తన చాప మీద కూర్చునే ఆడవాళ్ళు, అంతా కలిపి పదహారు పేర్లు. పదహారూ వరసగా వచ్చేస్తే ఆ రోజుకి ధైర్యం. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే మళ్ళీ దిండు మీద తల పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆమెకి డెబ్బై దాటాయి. కళ్ళజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, పొయ్యి మీద పాలు పెట్టి చేపలు తిరగెయ్యడానికి పోవడం, ఇలాంటివి ఆ వయసులో ఎవరికైనా ఉంటాయని గురమ్మ అంటుంది. జ్ఞానసుందరికి ఆ మాట మీద నమ్మకం లేదు. ఆ ముగ్గురు అక్కల్లో ఇద్దరు చివరికి సొంత పిల్లల్ని ‘మీరెవరు’ అని అడిగి పోయినవాళ్ళే.

కళింగపట్నంలో వాళ్ళ ఇల్లు సముద్రానికి రెండు వీధులు ఇవతల. పేర్లయ్యాక లేచి మొహం కడుక్కుని, పెరట్లో తొట్టెలో ఉప్పునీళ్ళు కలిపి, వేలెడంత నెత్తళ్ళ చేపలు ముంచి తీసి వల మీద ఆరబెట్టడం ఆమె పని. ఎండెక్కాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాటిని తిరగెయ్యాలి. కాకుల్ని తోలాలి. కోళ్ళని తోలాలి. ఈ పనులు చేతులకి వచ్చు కాబట్టి వాటిని మర్చిపోతానన్న బెంగ లేదు.

జేమ్స్ తండ్రి దగ్గర నేర్చుకున్న పని పడవలకి గుగ్గిలం పట్టడం. చెక్కపడవ పలకల మధ్య సందుల్లో నూలు కూరి, పైన నూనెలో కరిగించిన గుగ్గిలం పూస్తే చుక్క నీరు లోపలికి దిగదు. ఇప్పుడు ఊళ్ళో అన్నీ ఫైబరు పడవలే. జేమ్స్ వాటికి అతుకులు వేస్తూ బతుకుతున్నాడు గాని, తండ్రి గుగ్గిలం డబ్బా మాత్రం పారెయ్యలేదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన రెండో ఏడు గ్లోరీ టచ్ ఫోను కొంది. ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి ఖరీదైన వస్తువు అది. అద్దం మీద ఇంకో అద్దం అంటించారు. వెనక రబ్బరు కవరు తొడిగారు. జ్ఞానసుందరి పాత జాకెట్టు గుడ్డతో దానికో సంచి కుట్టింది. ఇవేవీ జేమ్స్‌కి చాలవనిపించింది. ఉప్పుగాలికి ఇనప గేట్లే పొరలు పొరలుగా ఊడిపోతున్న ఊళ్ళో ఈ చిన్న బిళ్ళ ఎన్నాళ్ళు ఆగుతుందని, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే గుగ్గిలం కరిగించాడు. అది కాస్త చల్లారి జిగురుగా అయ్యాక, అగ్గిపుల్లతో ఫోను చుట్టూ ఉన్న సందులన్నిటికీ, సిమ్ము పెట్టే సొరుగుతో సహా, సన్నగా పూసేశాడు. మాట వినపడే కన్నాలు వదిలి వాటి మీద పల్చటి ప్లాస్టిక్ అంటించాడు. ఛార్జింగ్ పెట్టే కన్నానికి, పడవ అడుగు కన్నానికి పెట్టినట్టే, ఒక బిరడా చేశాడు, పాత హవాయి చెప్పు కోసి.

గ్లోరీ డ్యూటీ నుంచి వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఏటిది, దీన్నేసుకుని ఏటకెల్తావా?”

“సముద్రంలో పడ్డా తేల్తాది,” అన్నాడు జేమ్స్.

“తేలడమెందుకు, మోగితే సాలు.”

మోగడం గురించే ఆ ఇంట్లో అందరి ధ్యాసా. గ్లోరీ శ్రీకాకుళంలో పాత వంతెన దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో నర్సు. ఏడేళ్ళ నుంచి పొద్దున్న ఎనిమిదికి బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుల పోస్టులు పడితే కాయితాలు పెట్టింది. పోస్టులు పదకొండు, జాబితాలో గ్లోరీ పేరు పన్నెండోది. ముందువాళ్ళలో ఎవరైనా చేరకపోతే ఫోను చేస్తామన్నారు. ఫోను చేసిన మర్నాడు సాయంత్రం అయిదులోగా ఒరిజినల్స్ పట్టుకుని శ్రీకాకుళంలో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలి, లేకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది. వచ్చే నెలకి గ్లోరీకి వయసు హద్దు దాటిపోతుంది. అంటే ఈ ఫోను రాకపోతే ఇంక ఎప్పటికీ రాదు.

నర్సింగ్ హోము డాక్టరు ఫోనులు లోపలికి తేనివ్వడు. అందుకని ఆ వారం గ్లోరీ ఫోనుని అత్తగారి చేతిలో పెట్టి చెప్పింది, ఫోనొస్తే పచ్చ గుర్తు జరపాలని, వాళ్ళేం చెబితే అది విని, వెంటనే గురమ్మ ఫోను నుంచి నర్సింగ్ హోముకి చెప్పించాలని. ఆ నంబరు ఫోనులోనే ఉందని చూపించింది కూడా.

“నాకెందుకే ఇస్తావు,” అంది జ్ఞానసుందరి. “నాను మర్చిపోతే?”

“మోగితే మర్సిపోడానికేటుంటాది అత్తా.”

సోమవారం మధ్యాహ్నం దాకా ఆమె మర్చిపోలేదు. ఫోనుని సంచిలో పెట్టి రొంటిన దోపుకుని తిరిగింది. పదకొండింటికి ఛార్జింగ్ పెట్టి, తీసి, మళ్ళీ దోపుకుంది. తొట్టె మీదికి వంగి నెత్తళ్ళు దేవుతుంటే రొంటి వదులై, సంచితో సహా ఫోను ఉప్పునీళ్ళలోకి జారింది. జేమ్స్ చెప్పినట్టు తేలలేదు. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి పైకి తీసేసరికి అద్దం కింద నీటి చారలు కనపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఛార్జింగ్ తీశాక బిరడా పెట్టలేదని. ఆ బిరడా ఎక్కడ పెట్టిందో కూడా గుర్తు లేదు.

సాయంత్రం జేమ్స్ వచ్చి సిమ్ము తీసి తన చిన్న ఫోనులో వేద్దామని గుండుసూదితో పొడిచాడు. గుగ్గిలం కదల్లేదు, సూది విరిగింది. ఊపి చూస్తే లోపల నీళ్ళు గలగలమన్నాయి, పైకి మాత్రం రావు. చీకటి పడ్డాక గ్లోరీ వచ్చి సంగతి వింది. చేతులు కడుక్కుని, బియ్యం డబ్బా మూత తీసి, ఫోనుని మెడ దాకా బియ్యంలో పాతింది. జ్ఞానసుందరికి కోడలు తిట్టినా బాగుండేదనిపించింది.

తడిసిన ఫోనుని బియ్యంలో పెడితే, దానికి రావలసిన ఫోన్లు బియ్యంలోకి దిగుతాయని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఫోను పడుకుని ఉంటుంది కనక బియ్యమే ఎత్తుతుంది. వింటుంది గాని బదులు చెప్పదు. ఆ గింజలు ఉడికాక ఎవరి నోట్లో పడితే వాళ్ళకి ఆ మాటలు ఒక్కసారి వినపడతాయి, మింగగానే అయిపోతాయి. గురమ్మ అల్లుడి ఫోను నాగావళిలో పడినప్పుడు అతని స్నేహితులు చేసిన ఫోన్లన్నీ గురమ్మే తినవలసి వచ్చింది. అప్పటి నుంచి అతను ఆ ఇంటికి వస్తే తల ఎత్తడు.

గ్లోరీ కట్టడి చేసింది. డబ్బాలోంచి గింజ బయటికి పోకూడదు, పక్కవాళ్ళకి చేబదులు ఇవ్వకూడదు, తను లేనప్పుడు పొయ్యి మీద పెట్టకూడదు. రోజూ ఫోను చుట్టూ ఉన్న గింజలు తీసి తనే వండింది. వండినదంతా జేమ్స్, తనూ పంచుకుని తిన్నారు.

మంగళవారం రాత్రి జేమ్స్ మూడో ముద్ద దగ్గర ఆగిపోయి, నమలడం మానేసి, చెవులు ఎర్రబడేలా కూర్చున్నాడు. ఎవరని గ్లోరీ అడిగింది. మీ అమ్మ, పలాస నుంచి, అన్నాడు. ఏమందని అడిగితే, “నా గురించే. మొత్తం మింగీసాను, నీకెందుకు,” అన్నాడు. గ్లోరీకి వచ్చినవి రెండే. ఫోనులో పాట పెట్టుకోమని కంపెనీ అమ్మాయి ఒకటి, సిమెంటు లారీ ఎప్పుడొస్తుందని ఎవరో ముసలాయన ఒకటి. ఆ మధ్యాహ్నమే ఆమె అన్నం మానేసి ఆఫీసుకి పరిగెత్తి అడిగి వచ్చింది. ఇంకా ఏమీ తేలలేదనీ, తేలితే ఫోను చేస్తామనీ, ఇచ్చిన నంబరు మార్చడానికి లేదనీ చెప్పారు. బుధవారం మళ్ళీ వెళ్దామనుకుంది గాని, వరసగా మూడు కాన్పులు వచ్చి గది దాటలేదు.

ఈ మూడు రోజులూ జ్ఞానసుందరి అన్నం ముట్టుకోలేదు. కడుపులో బాగోలేదని చోడి అంబలి తాగి ఊరుకుంది. బుధవారం రాత్రి జేమ్స్ కంచంలో ఒక ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె మొహం తిప్పేసుకుంది.

“నాకినపడితే మాత్రం నిలుస్తాదేటిరా,” అంది. “నా బుర్ర జల్లెడైపోనాది. ఆ ముద్ద నీ పెళ్ళానికెట్టు.”

జేమ్స్ తల్లి కళ్ళు చూసి, ముద్ద తనే తినేశాడు. అందులో ఏమీ లేదు.

గురువారం తెల్లవారకముందే ఫోను బియ్యంలోంచి తీశారు. అద్దం కింద చారలు తగ్గలేదు. ఇంక లాభం లేదని, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో రిపేరు చేసే ప్రమోద్ దగ్గరికి జేమ్స్ తీసుకెళ్ళాలని అనుకున్నారు. ఫోను అంచు తగిలిన బియ్యమంతా గ్లోరీ చేటలోకి ఊడ్చి, కడిగి, పొయ్యి మీద పెట్టింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోతే గిన్నె అడుగంటింది. ఇద్దరూ నిలబడే తిన్నారు. పైనున్న మెతుకులన్నీ తిన్నారు. మళ్ళీ ఆ పాట పెట్టుకోమన్న అమ్మాయే. గ్లోరీ చెయ్యి కడుక్కుని, ఎనిమిది గంటల బస్సుకి జేమ్స్‌తో వెళ్ళిపోయింది. అడుగున మాడు మిగిలింది. ఆ ఇంట్లో మాడు తినేది జ్ఞానసుందరి ఒక్కతే. గ్లోరీకి దాని వాసనే పడదు.

ఎండెక్కాక నెత్తళ్ళు తిరగేసి, గిన్నె తోముదామని కూర్చుంది జ్ఞానసుందరి. అట్లకాడతో మాడు గీకింది. అరచేతంత పెళ్ళలు నాలుగు లేచాయి. ఒక పెళ్ళ విరిచి కోళ్ళకేసింది. ఎర్రకోడి ముందు వచ్చి ఇంత ముక్క పొడుచుకుంది. పొడుచుకుని, మెడ ఒక పక్కకి వంచి, ఒక కాలు ఎత్తి, అలాగే నిలబడిపోయింది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు నిలబడింది. తర్వాత గుటకేసి కాలు దించింది.

జ్ఞానసుందరి మిగతా కోళ్ళ మధ్యలోకి వెళ్ళి, నేల మీది ముక్కలు ఏరి, చెంగుతో తుడిచి గిన్నెలో వేసుకుంది. కోడి ఏం విన్నదో కోడికే తెలియాలి. గిన్నె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. గ్లోరీ వచ్చేదాకా ఆగుదామా అనుకుంది. గ్లోరీ వచ్చేసరికి చీకటి. ఇంతలో రోజు అయిపోతే? తింటే తను మర్చిపోతుంది. తినకపోతే అసలు ఎవరికీ తెలియదు. ఆఖరికి చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది.

“హలో, గ్లోరీ గారేనండీ?” అంది ఒక ఆడగొంతు, పక్కన కూర్చున్నట్టే. “నేను అనూరాధనండీ, ఆఫీసు నుంచి. పొద్దున్న ఒకసారి చేశాను, ఎత్తారు గాని మాట్లాడలేదు. మీ పేరు వచ్చిందండీ. రేపు గురువారం సాయంత్రం అయిదులోపల ఒరిజినల్స్, రెండు ఫోటోలు పట్టుకుని రెండో అంతస్తు పదకొండో నంబరు గదికి రావాలి. హలో, వినపడుతోందా? సిగ్నల్ లేనట్టుంది. ఇంటికెళ్ళే ముందు ఇంకోసారి చేస్తాలెండి.”

ముక్క కరిగి గొంతు దిగింది. పెరట్లో కాకుల గోల తప్ప ఇంకేమీ లేదు.

ఆమె దడి దగ్గరికి వెళ్ళి గురమ్మని పిలిచి, ఇవాళ ఏ వారమని అడిగింది.

“గురువారం. ఏటొదినా, మళ్ళీ మర్సిపోనావా?”

“గురువారమే కదా,” అంది జ్ఞానసుందరి, “అదే కావాలి నాకు.”

గురమ్మ ఫోను అల్లుడు పట్టుకుపోయాడు. ఉన్నా లాభం లేదు, నర్సింగ్ హోము నంబరూ జేమ్స్ నంబరూ ఆ పాడైన ఫోనులోనే ఉన్నాయి. టైము పన్నెండున్నర. ఒకటింపావుకి బస్సుంది. గురమ్మ నెత్తళ్ళు తను చూసుకుంటానంది.

జ్ఞానసుందరి పెన్సిలు తీసి, నోటుపుస్తకం కాయితం చింపి, విన్నదంతా పొందిగ్గా రాసింది. భద్రంగా పెట్టింది. కాని ఆమెకి తన సంగతి తెలుసు. పోయిన నెల మందుల చీటీ ఇలాగే భద్రంగా పెట్టింది. అది ఇప్పటికీ భద్రంగానే ఉంది, ఎక్కడుందో తెలియదంతే. అందుకని మాడు గిన్నె మీద మూత పెట్టి, చుట్టూ గుడ్డ కట్టి ముడేసింది. ఇంకోసారి చేస్తానంది కదా ఆ అమ్మాయి. చేసి ఉంటే అది ఇందులోనే ఉంటుంది. తన బుర్రలో నిలవనిది గిన్నెలో నిలుస్తుంది. బీరువాలోంచి కోడలి సర్టిఫికెట్లూ ఫోటోలూ ఉన్న ఫైలు తీసి చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

బస్సు కదిలినప్పుడు అన్నీ ఉన్నాయి. అనూరాధ, రెండో అంతస్తు, పదకొండో గది, అయిదు గంటలు, రెండు ఫోటోలు. పొద్దున్న పేర్లు చెప్పుకున్నట్టే పెదాలు కదుపుతూ చెప్పుకుంది. పక్క సీటులో చేపల బుట్టావిడ తన కూతురి కాపురం గురించి చెప్పడం మొదలుపెట్టింది. గార వచ్చేసరికి ఆ అమ్మాయి పేరు పోయింది. గొంతు గుర్తుంది, పేరు లేదు. అంపోలు దాటేసరికి గది నంబరు పదకొండో, పద్దెనిమిదో, రెండూ సరిగ్గానే అనిపించాయి. కాయితం చూద్దామని రొంటిలో, చేతిసంచిలో, జాకెట్టులో వెతికింది. లేదు. దిగేటప్పటికి ఎందుకొచ్చిందో కూడా పల్చబడింది. గిన్నె మాత్రం ఒళ్ళో బరువుగా ఉంది.

“ఎక్కడికి మామ్మా, గిన్నె పట్టుకుని?” అన్నాడు కండక్టరు, చెయ్యిచ్చి దింపుతూ.

“మా కోడలికియ్యాలి,” అంది ఆమె. ఆ ఒక్క మాటా పోలేదు.

నర్సింగ్ హోము దారి కాళ్ళకి తెలుసు. అక్కడ వాకిట్లో కూర్చున్న అమ్మాయి, డ్యూటీలో ఉన్న నర్సుల్ని పిలవకూడదంది. జ్ఞానసుందరి బెంచీ మీద కూర్చుని, పిలిచేదాకా కదలనని చెప్పింది. గోడ గడియారంలో మూడున్నర దాటాక గ్లోరీ సూది మందు గది నుంచి బయటికి వచ్చి చూసి, తడి చేతులతోనే పరిగెత్తుకు వచ్చింది.

“ఏటత్తా? ఆయనకేటైనా అయిందా?”

“ఎవరికీ ఏటీ కాలేదు. ఇది తిను.”

గ్లోరీ గిన్నె మూత తీసింది. మాడు. ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “ఇరవై మైళ్ళు బస్సులో మాడు తెచ్చీవా? అత్తా, నీకు తెలీదా నాను మాడు తిననని...”

“తెల్సు. నువ్వు తినవని తెల్సు. ఇందులో ఉన్నాది. నాను ఇన్నాను. ఇన్నది పోనాది, అమ్మీ. బస్సులో కారిపోనాది.” ఆమె గిన్నె కోడలి వైపు తోసింది. “ఇవాళ, అయిదు. అంతే ఉన్నాది నా దగ్గర. మిగిలింది నువ్వు తిను.”

గ్లోరీ గిన్నె అందుకుంది. గోడకి ఆనుకుని ఒక పెళ్ళ విరిచి నోట్లో వేసుకుంది. కరకరమంది. ఏమీ లేదు. రెండోది నమిలింది. మళ్ళీ ఆ పాట పెట్టుకోమన్న అమ్మాయి. మూడోది చేదుగా ఉంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అందులోనూ ఏమీ లేదు. గిన్నె అడుగున మట్టి అంటిన చిన్న ముక్కలు మిగిలాయి, కోళ్ళ దగ్గర నుంచి ఏరి తెచ్చినవి. గ్లోరీ వాటి వంక చూసింది. అత్తగారి వంక చూసింది. గిన్నె వంచి అన్నీ ఒకేసారి నోట్లో పోసుకుంది.

జ్ఞానసుందరి కోడలి దవడ కదలడం చూస్తూ కూర్చుంది. కదిలి కదిలి, ఆగింది. గ్లోరీ చెయ్యి పైకెత్తి, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు పట్టుకుంది. వాకిట్లో అమ్మాయి కూడా చీటీలు రాయడం ఆపింది. చాలాసేపటికి గ్లోరీ మింగింది.

“రెండో అంతస్తు,” అంది. “పదకొండో గది.”

“అదే,” అంది జ్ఞానసుందరి. “అనూరాధ. అదే దాని పేరు.”

గ్లోరీ యూనిఫాం మీదే, డాక్టరుకి ఒక మాట చెప్పించి, అత్తగారిని ఆటో ఎక్కించింది. ఆఫీసు మెట్ల దగ్గర జ్ఞానసుందరి వెనకబడింది. నువ్వు పద అంది గాని గ్లోరీ వదల్లేదు, నడుం చుట్టూ చెయ్యి వేసి లాక్కుపోయింది. పదకొండో గదిలోకి వెళ్ళేసరికి నాలుగూ నలభై. పెద్ద కళ్ళజోడు పెట్టుకున్న అనూరాధ రిజిస్టరు మూసేసి సంచీ సర్దుకుంటోంది.

“గ్లోరీ గారా? నిన్న మూడుసార్లు చేశానండీ. ఎత్తుతారు, మాట్లాడరు.”

“ఫోను బియ్యంలో ఉన్నాదండి.”

“అదా,” అంది అనూరాధ, మళ్ళీ రిజిస్టరు తెరుస్తూ. “మా ఇంట్లోనూ అయింది. మావారు తినేసి చెప్పడం మర్చిపోయారు. ఏవీ ఒరిజినల్స్?”

గ్లోరీ ఫైలు అందించింది. అన్నిటికన్నా పైన నోటుపుస్తకం కాయితం ఒకటి ఉంది. అనూరాధ దాన్ని ఎత్తి చదివింది. గురువారం, సాయంత్రం అయిదు, రెండో అంతస్తు, పదకొండో గది, ఒరిజినల్స్, ఫోటోలు రెండు, పిలిచినామె పేరు అనూరాధ. పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా ఉంది.

“ఇది ఏ సర్టిఫికెట్టండీ?” అంది.

జ్ఞానసుందరి తెల్లబోయి చూసింది. బస్సు పొడుగునా అది తన చంకలోనే ఉంది. గ్లోరీ ముందు చిన్నగా నవ్వింది. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టి నవ్వింది. మాడు అంటిన పళ్ళతో నవ్వుతూనే, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది.

వాళ్ళు ఏడురోడ్ల జంక్షన్ చేరేసరికి జేమ్స్ ప్రమోద్ కొట్టు ముందు స్టూలు మీద దిగులుగా కూర్చుని ఉన్నాడు. ప్రమోద్ వాళ్ళది తాతల నాటి బియ్యం కొట్టు. ముందు సగంలో తండ్రి బియ్యం అమ్ముతాడు, వెనక సగంలో కొడుకు ఫోనులు బాగుచేస్తాడు. ఫోనులు ఆరబెట్టే బస్తాకి ఎర్రదారం కట్టి ఉంటుంది, పొరపాటున ఎవరికీ కొలవకుండా.

ప్రమోద్ పొద్దున్న నుంచి వేడిగాలి పట్టి గుగ్గిలం కరిగిస్తూనే ఉన్నాడు. జేమ్స్ చేసిన పని గురించి ఆ వీధిలో అందరికీ చెప్పాడు. “నీళ్ళు రాకుండా బాగానే చేశావన్నా,” అన్నాడు మళ్ళీ, వీళ్ళు కూడా వినాలని. “పోకుండా ఇంకా బాగా చేశావు. ఒక టీ గ్లాసుడు తీశాను లోపల్నుంచి.”

“మరి సెక్కపడవలో నీళ్ళొస్తే తోడుకుంటాం గదా,” అన్నాడు జేమ్స్.

“దీంట్లో తోడడానికి నువ్వు దిగలేవు కదా.”

ఉప్పు పట్టిన చోటల్లా చిన్న బ్రష్షుతో కడిగి, పాడైన ముక్క ఒకటి మార్చి, ప్రమోద్ మీట నొక్కాడు. మొదట ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత అద్దం తెల్లగా వెలిగింది. ఎత్తిన ఫోన్ల వరసలో నిన్నటి తేదీ మీద ఒకే నంబరు మూడుసార్లు ఉంది. ఒకటి కోడి ఎత్తింది, ఒకటి అత్తగారు, ఒకటి తను అని, దారిలో అత్తగారు చెప్పినదాన్ని బట్టి గ్లోరీ లెక్క చెప్పింది. అప్పటికి గాని జేమ్స్‌కి ఉద్యోగం సంగతి తెలియలేదు. తెలిశాక తల్లి పక్కన మెట్టు మీద చతికిలబడి, ఆమె చేతిలో ఖాళీ గిన్నె తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంక గుగ్గిలం పుయ్యొద్దని ప్రమోద్ ఒట్టేయించుకున్నాడు. సంచి రొంటిన దోపుకోకుండా మెడలో వేసుకునేలా తాడు పెట్టమన్నాడు. ఛార్జింగ్ కన్నానికి బిరడా ఆలోచన మాత్రం మంచిదేనన్నాడు. కాకపోతే దాన్ని దారంతో ఫోనుకే కట్టాలి, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా. తనే ఒకటి కోసి కట్టి ఇచ్చాడు.

ఆ రాత్రి ఇంట్లో కొత్త బియ్యం వండారు. జ్ఞానసుందరి మూడు రోజుల ఆకలీ తీర్చుకుంది. ముద్దల్లో ఎవరి గొంతూ లేదు, ఉత్త అన్నం రుచే ఉంది.

తర్వాతి నెల ఒకటో తారీకున గ్లోరీ కొత్త ఆసుపత్రిలో చేరింది. పొద్దున్న బయల్దేరే ముందు ఫోను తెచ్చి అత్తగారి మెడలో వేసింది. జ్ఞానసుందరి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“మళ్ళీ నాకెందుకే?”

“ఇంకెవరికియ్యమంటావు,” అంది గ్లోరీ, చెప్పులు తొడుక్కుంటూ. “నీ దగ్గరుంటే నాకు నిబ్బరం.”

ఆ మధ్యాహ్నం జ్ఞానసుందరి నెత్తళ్ళు తిరగేసి వచ్చి, గిన్నె అడుగు మాడు గీకి, ఎర్రకోడికో ముక్క వేసి, తను ఒక ముక్క నోట్లో పెట్టుకుంటుండగా మెడలో ఫోను మోగింది. ఆమె ముక్క పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, పచ్చ గుర్తు జరిపింది.

“అత్తా, నానే. ఆసుపత్రి ఫోను నుంచి సేస్తన్నాను.”

“సెప్పు.” ఆమె పెన్సిలు కోసం అటూ ఇటూ చూసింది. “ఎవరికి ఏటి సెప్పాల?”

“ఎవరికీ ఏటీ సెప్పక్కర్నేదు. తిన్నావా నేదా అని.”

“తింతన్నాను.”

“అయితే తిను,” అని గ్లోరీ పెట్టేసింది.

జ్ఞానసుందరి పెన్సిలు వెతకడం మానేసింది. ఈ ఫోనులో గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. బిరడా ఉందో లేదో వేలితో తడిమి చూసుకుని, మాడు ముక్క నోట్లో వేసుకుని, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది.